బోర్లయ్యస్వామిని వెల్లకిలా తిప్పిన వైనం

నేను దేవుణ్ణయ్యింది తపస్సు వల్ల కాదు, చేతకానితనం వల్ల. ఈ సంగతి ముందే చెప్పేస్తే మీకూ నాకూ కూడా సుఖం.

నా పేరు చిట్టెళ్ళ పాపారావు. కాకినాడలో దైవ సంస్థల క్రమబద్ధీకరణ మండలిలో సూపరింటెండెంటుని. నేను రాసి పంపిన ప్రతి నోటు మీదా మా డైరెక్టరుగారు 'మాట్లాడండి' అని రాసి వెనక్కి పంపుతారు. తీరా మాట్లాడ్డానికి వెళితే 'తర్వాత' అంటారు. ఇంట్లో మా ఆవిడ సత్యవేణి నేనేం చెప్పినా 'ఊఁ' అంటుంది. పక్క గదిలో కుక్కరు కూసినా అదే గొంతుతో 'ఊఁ' అంటుంది. నా మాట వినే చోటు భూమ్మీద ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కుంటూ, ఈ వయసులో, ఫోనులో ఆడే 'ఏడుకోటల సీమ' అనే ఆటలో చేరాను.

ఆ ఆటని ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని వేలమంది ఒకేసారి ఆడతారు. ఒకడు యోధుడు, ఒకడు వర్తకుడు, ఒకడు మంత్రగాడు. నేను మీసం చూసి యోధుణ్ణి ఎంచుకున్నాను. కత్తి పట్టుకుని నిలబడ్డంతసేపూ బాగానే ఉండేది. నడిస్తేనే చిక్కు. మూడో కోట ముందు కందకం మీద ఒక చెక్క వంతెన ఉంది. దాని మీద కాలు పెట్టగానే బోర్లా పడి చచ్చేవాణ్ణి. శత్రువు ఇంకా భోజనం చేస్తూ ఉండేవాడు.

ఆటలో ఒక నియమం ఉంది. ఎవర్నీ చంపకుండా ఒకే చోట పదేపదే చచ్చినవాడు ఆ చోటికి దేవుడవుతాడు. ఆట తయారుచేసిన విశాఖపట్నం కుర్రాళ్ళు మన ఊళ్ళు చూసినవాళ్ళే. మన పొలిమేరల్లో వెలిసిన వాళ్ళలో అర్ధాంతరంగా పోయినవాళ్ళు ఎంతమంది లేరు? ఒక ఆదివారం అలాగే పడి, లేవబోతే లేవలేకపోయాను. రాయినయ్యాను. బోర్లా పడ్డ రాయి. 'మీరు దేవుడయ్యారు, శుభాకాంక్షలు' అని తెర మీద వచ్చింది. సత్యవేణిని పిలిచి చూపించాను. 'ఊఁ' అంది.

పేరు భక్తులే పెట్టారు. బోర్లయ్యస్వామి. పడటంలో ఇంత అనుభవం ఉన్నవాడు ఇంకొకర్ని పడనివ్వడని ఎవరో పుకారు పుట్టించారు. దాంతో వంతెన దాటబోయే ప్రతివాడూ నా వీపు మీద ఒకసారి తట్టి, ఓ బెల్లంముక్క పెట్టి వెళ్ళడం ఆచారమైపోయింది. పైగా ఆ ఆటలో దేవుడికి మాట్లాడే సౌకర్యం ఉంది. నేను టైపు చేసింది రాయి మీద అక్షరాలుగా వెలుగుతుంది. ఇంకేం కావాలి నాకు? కోడికూర బాగా ఉడకాలంటే ఏం చెయ్యాలని అడిగినవాడికి కూడా కర్మసిద్ధాంతం చెప్పి పంపాను.

నా భక్తుల్లో ముఖ్యురాలు కత్తి సూరమ్మ. అది ఆటలో పేరు. బయట ఆవిడకి తునిలో ఇడ్లీ హోటలు ఉంది. మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ఆటలోకి వచ్చి, రెండు యుద్ధాలు చేసి, నా పక్కన కూలబడేది. దోసెల పెనం దగ్గర్నుంచి మోకాళ్ళ నొప్పిదాకా అన్నీ చెప్పేది. నేను ఆఫీసులో బల్ల కింద ఫోను పెట్టుకుని సమాధానాలిచ్చేవాణ్ణి. నిజం చెప్పాలంటే, ఆవిడ రాని రోజు నాకు పని మీద కూడా మనసు పోయేది కాదు.

ఒకరోజు ఆవిడ యుద్ధం చెయ్యకుండానే వచ్చి కూర్చుంది.

"సామీ, మా అనకాపల్లి చెల్లెలు ఇల్లు కట్టుకుంది. గురువారం గృహప్రవేశం. అది పోను చెయ్యలేదు, కూతురి చేత కార్డు పంపింది," అని రాసింది. "మాకు మాటల్లేవు కదా. మాయమ్మ పోయాక ఇత్తడి కాగు నాకిమ్మన్నాను. ఇవ్వలేదు. ఇస్తే ఏం పోయేదో! ఆ కాగులో మాయమ్మ నాకు తలంటు పోసింది సామీ. అది దాంట్లో తులిసిమొక్క ఏసుకుంది. ఇప్పుడు నేనెల్లనా, మాననా? నువ్వెలాగంటే అలాగే."

వెళ్ళమ్మా అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. నా మనసులో ఉన్నదీ అదే. కానీ అంత పెద్ద ప్రశ్నకి అంత చిన్న జవాబిస్తే దైవత్వానికి లోటు అనిపించింది. రెండు సామెతలూ ఒక నీతికథా కూర్చి మర్నాడు తీరిగ్గా చెబుదామనుకున్నాను. ఈలోగా చేతులు వాటంతటవే టైపు చేశాయి: 'పరిశీలించి చెప్పబడును.'

"సరే సామీ," అని ఆవిడ వీపు తట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న మా డైరెక్టరు వైకుంఠరావుగారు సమావేశం పెట్టారు. సంవత్సరం చివరికొచ్చింది. ప్రతి డివిజనూ కొత్తగా ఇన్ని దైవస్థలాలని గుర్తించి మండలి కిందికి తేవాలని పైనుంచి లక్ష్యం ఉంది. మా డివిజన్లో దేవుళ్ళు అయిపోయారు. పక్క డివిజను వాళ్ళు రోడ్డు పక్క పసుపు రాసిన మైలురాయిని కూడా కలిపేసుకున్నారు.

"మిత్రులారా," అన్నారు డైరెక్టరుగారు. "దైవాన్ని అన్వేషించే దశ నుంచి దైవాన్ని అనుసంధానించే దశకు మనం పరివర్తన చెందవలసిన చారిత్రక తరుణం ఆసన్నమైంది. సమగ్ర డిజిటల్ దృక్పథంతో, క్షేత్రస్థాయి స్ఫూర్తితో, ఎవరైనా ఒక్క దేవుణ్ణి చూపించండి."

అందరూ టీ కప్పుల్లోకి చూశారు. నేను ఊరుకుంటే ఈ కథ లేదు. కానీ చంకలో ఒక దేవుణ్ణి పెట్టుకుని నోరు మూసుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు.

"బోర్లయ్యస్వామి అని ఒకరున్నారండి," అన్నాను. "చాలా మహిమ గలవారండి. భక్తులు రోజూ వస్తారు."

"సర్వే నంబరు?"

"లేదండి. ఫోనులో ఆటలో ఉంటారండి."

"అంటే భూమి లేదు. ఆక్రమణ లేదు. కోర్టు కేసు లేదు. వంశపారంపర్య హక్కులు అడిగేవాడు లేడు." డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచారు. "పాపారావుగారూ, ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత శుభ్రమైన దేవుణ్ణి నేను చూడలేదండీ."

నాకు కళ్ళు చెమర్చాయి. ఆ దేవుడు నేనేనని అప్పుడే చెబుదామనుకున్నాను. పొగడ్త ఇంకాస్త వస్తుందేమోనని ఆగాను.

తనిఖీ ఆ మధ్యాహ్నమే పెట్టుకున్నారు. సమావేశ మందిరంలో పెద్ద తెర మీద ఆట పెట్టారు. డైరెక్టరుగారూ, మా సహాయ అధికారి హేరంబరావూ కొత్త ఆటగాళ్ళుగా చేరారు. హేరంబరావు నాకంటే బాగా చిన్నవాడు, లా చదివినవాడు. ఏ ఫైలునైనా ఆపగల తెలివి ఉంది. ఆ ఆటలో కొత్తవాడెవడైనా సరే గోచీతో, చేతిలో ఓ కర్రతో మొదలుపెట్టాలి.

"నా హోదాకు తగిన దుస్తులు లేవా?" అని ఆట తయారుచేసిన కంపెనీవాళ్ళని ఫోనులో అడిగారు డైరెక్టరుగారు.

"మొదట్లో అందరికీ గోచీయేనండి," అంది అవతలి గొంతు.

"పోనీ హేరంబరావుగారి గోచీ కంటే నాది కాస్త పొడుగ్గా ఉండేట్టు చూడండి."

ఇద్దరూ గోచీలతో బయల్దేరి వంతెన దగ్గరికి వచ్చారు. ఆచారం ప్రకారం నా వీపు తట్టాలి. ముందెవరు తట్టాలన్నది తేలలేదు. నిబంధనల్లో లేదని హేరంబరావు వెనక్కి తగ్గాడు. కింది సిబ్బంది ఎదుట వంగి తట్టడం తన హోదాకి తగదని డైరెక్టరుగారు ముందుకి సాగారు. ఎవరూ తట్టకుండానే వంతెనెక్కారు. తెర మీద మా డైరెక్టరుగారు బోర్లా పడి కందకంలో మునిగిపోయారు. మందిరంలో ఎవరూ నవ్వలేదు. పింఛను మీద ఆశ ఉన్నవాళ్ళెవరూ నవ్వరు.

మళ్ళీ పుట్టి వచ్చాక ఆయన నా ముందు నిలబడ్డారు. "స్వామివారి ముఖమేదీ?"

"కిందకుందండి," అన్నాను వెనక వరుసలోంచి.

"అధికారులు తనిఖీకి వస్తే ముఖం చాటేస్తారా? వెంటనే వెల్లకిలా తిప్పించండి."

మండలి గుర్తింపు దొరుకుతుందన్న సంబరంలో ఉన్నారు కంపెనీవాళ్ళు. చెప్పగానే తిప్పేశారు. బల్ల కింద నా ఫోనులో, అంతవరకూ మట్టీ గడ్డీ తప్ప చూడనివాడికి, ఒక్కసారిగా ఆకాశం కనబడింది. బాగానే ఉంది. కానీ నన్ను వెల్లకిలా పడేస్తే జనం తట్టేదేమిటి? ఉండబట్టలేక టైపు చేశాను. నా పొట్ట మీద అక్షరాలు వెలిగాయి: 'నాయనా, నన్ను తిప్పకండి. భక్తులకి నా వీపుతో పని.'

మందిరమంతా కలకలం రేగింది.

"మాట్లాడుతున్నాడేంటండీ!" అన్నారు డైరెక్టరుగారు. "మన కింద ఇన్ని ఆలయాలున్నాయి. ఏ దేవుడైనా ఇలా ఎదురు చెప్పాడా?"

హేరంబరావు లేచి గొంతు సవరించుకున్నాడు. "చట్టం దృష్టిలో దేవుడు మైనరండి. ఎన్ని యుగాలు గడిచినా మైనరే. మైనరు స్వయంగా చేసిన ప్రకటన చెల్లదండి. సంరక్షకుడి ద్వారానే రావాలండి. సంరక్షకుణ్ణి నియమించి, అందాకా స్వామివారి వాక్సౌకర్యాన్ని మైనరు ప్రయోజనాల దృష్ట్యా నిలుపుదల చేయడం శ్రేయస్కరమండి."

"పాపారావుగారూ, నోటు పెట్టండి," అన్నారు డైరెక్టరుగారు.

నా నోరు మూయించే నోటు నేనే రాశాను. పైవాళ్ళు చెప్పింది రాయడం తప్ప వేరే విద్య నాకు లేదు. చెయ్యి తిరిగినవాణ్ణి కనుక చాలా పకడ్బందీగా వచ్చింది. 'స్వామివారు ఏ సందర్భములోనూ, ఏ భక్తునితోనూ, ఏ రూపముననూ సంభాషించరాదు' అని రాశాను. డైరెక్టరుగారు చదివి సంతకం పెట్టేశారు. 'మాట్లాడండి' అని రాయకుండా ఆయన ఆమోదించిన నా మొట్టమొదటి నోటు అదే. హేరంబరావు నాకు సంరక్షకుడయ్యాడు. ఆ సాయంత్రం ఫోను తెరిస్తే నా పొట్ట మీద అక్షరం వెలగలేదు.

సూరమ్మకి జవాబు ఇవ్వలేదన్న సంగతి అప్పుడు గుండెల్లో గుచ్చుకుంది. గురువారం ఎంతో దూరం లేదు. వెంటనే డైరెక్టరుగారి గదికి పరిగెత్తాను.

"సార్, ఒక మనవండి. ఆ దేవుణ్ణి నేనేనండి."

ఆయన ఫైల్లోంచి తలెత్తలేదు. "ఈ ఆఫీసులో ప్రతివాడూ అలాగే అనుకుంటాడండీ పాపారావుగారూ."

ఫోను చూపించాను. చూశారు. మళ్ళీ చూశారు. హేరంబరావుని పిలిపించారు. అతను నా ఫోనుని రెండు వేళ్ళతో పట్టుకుని పరిశీలించి, నిట్టూర్చాడు.

"చాలా క్లిష్టమండి. మండలి ఉద్యోగి ముందస్తు అనుమతి లేకుండా మండలి పరిధిలోని సంస్థలో దైవపదవి నిర్వహించడం నడవడిక నియమాలకి విరుద్ధమండి. సరే, క్షమించి దేవుడని ఒప్పుకున్నామే అనుకోండి, అప్పుడు పాపారావుగారు మైనరు. మైనరు ప్రభుత్వ ఉద్యోగం ఎలా చేస్తాడండి? సంతకాలు ఎలా చెల్లుతాయండి? ఆయన పెట్టిన నోట్లన్నీ రద్దవ్వాలి. స్వామివారికి సంరక్షకుణ్ణి వేసిన నోటుతో సహా."

"అది రద్దయితే నేను మాట్లాడొచ్చు కదండీ?" అన్నాను ఆశగా.

"మాట్లాడే దేవుడికి సంరక్షకుడు తప్పనిసరండి. మళ్ళీ నోటు పెట్టాలి. మీరే పెట్టాలి."

ఇంటికెళ్ళి సత్యవేణికి చెప్పాను. ఆవిడ చాట పక్కన పెట్టి, పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి పూర్తిగా విన్నది.

"అంటే దేవుడిగా ఉండాలంటే ఉజ్జోగం పోద్ది, ఉజ్జోగం ఉండాలంటే దేవుడు పోతాడు. అంతేనాండీ?"

"అంతే."

"మరి ఆలోచించడానికేవుందండీ? దేవుళ్ళకి రిటైర్మెంటు పింఛనుందా?" అని, మళ్ళీ చాట చేతిలోకి తీసుకుని, "అయినా మీరు మైనరైతే మన పెళ్ళి చెల్లుద్దో లేదో ఆ హేరంబరావుగార్నే ఓసారి కనుక్కోండి," అంది. ఆ గొంతులో ఆశ ఉందో భయం ఉందో ఇప్పటికీ నాకు తెలీదు.

మర్నాడు రాసిచ్చాను. 'చిట్టెళ్ళ పాపారావు అను నేను దేవుడను కానని, గతమునందెన్నడూ దేవుడనై యుండలేదని, ఇకముందు కాబోనని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను.' డైరెక్టరుగారు నా భుజం తట్టారు. నాకు దక్కిన ఆఖరి తట్టు అదేనేమో.

ఆ వెంటనే హేరంబరావుని పట్టుకుని బతిమాలాను. "నాకు పదవి వద్దు బాబూ. తుని నుంచి ఒకావిడ వస్తుంది. ఆవిడ ప్రశ్నకి జవాబు బాకీ ఉండిపోయింది. సంరక్షకుడిగా మీరు 'వెళ్ళు' అని ఒక్క మాట చెప్పండి చాలు."

"తప్పకుండానండి. అయితే స్వామివారి అభిప్రాయం స్వామివారి నుంచి రాతపూర్వకంగా నాకు రావాలండి."

"ఆయన రాయకుండా మీరే ఆపారు కదండీ!"

"అందుకే ఆగిందండి," అన్నాడు ఎంతో సానుభూతిగా. నా బాధ అతనికి నిజంగానే అర్థమైంది. అతని కళ్ళలో తడి కూడా చూశాను. అలాంటివాళ్ళతోనే ఎక్కువ ప్రమాదం.

ఈలోగా నా క్షేత్రం అభివృద్ధి చెందింది. వంతెన పొడుగునా ఇనప కమ్మీలతో క్యూలైన్లు వచ్చాయి. ధర్మదర్శనం ఒక పక్క, శీఘ్రదర్శనం ఒక పక్క. ఉదయం ఒకసారి స్వామిని పక్కకి ఒత్తిగిలించి 'విశేష వీపు సేవ' అని పెట్టారు. దానికి సిఫార్సు లేఖ కావాలి. సంరక్షణాధికారికి వంతెన పక్కనే గది వచ్చింది. యుద్ధాలు చెయ్యడానికి వచ్చినవాళ్ళంతా కత్తులు చెప్పుల స్టాండు దగ్గర అప్పగించి క్యూలో నిలబడ్డారు. మూడో కోట మీద ఎవరూ దండెత్తడం లేదని శత్రువులు కూడా క్యూలో చేరిపోయారు.

బుధవారం మధ్యాహ్నం నేను కొత్త ఆటగాడిగా, గోచీతో, కర్రతో, ధర్మదర్శనం క్యూలో దూరాను. ముందున్న నలుగురైదుగురిని తోశాను కూడా. కత్తి సూరమ్మ అక్కడే ఉంది. ఆవిడ వెనక్కి చేరి గబగబా టైపు చేశాను.

"అమ్మా, మీ చెల్లెలి ఇంటికి వెళ్ళండి. కాగు సంగతి మరిచిపోండి."

ఆవిడ గిరుక్కున తిరిగింది. "నా చెల్లెలి సంగతి నీకెవడు చెప్పాడ్రా? క్యూలో నించుని ఆడోళ్ళ మాటలు పొంచి ఇనడవేనా పని? గోచీ సరిగ్గా కట్టుకోడం రాదు గానీ నాకు నీతులు!"

"అది కాదమ్మా, నేను మీ..." అని ఆగిపోయాను. దేవుణ్ణని రాస్తే నేనిచ్చిన హామీ ఉంది. రాసినా ఈ గోచీ చూసి నమ్మాలి కదా.

ఆవిడ వంతు వచ్చింది. రాయిగా ఉన్న నేను వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి చూస్తున్నాను. ఆవిడ బెల్లంముక్క పెట్టి, అలవాటు ప్రకారం వీపు కోసం చెయ్యి చాచి, అది దొరక్క నా చెయ్యి తట్టింది.

"సామీ, రేపే గృహప్రవేశం. ఎల్లనా, మాననా?"

నేను పలకలేదు. గోచీలో ఉన్న నేను ఆ పక్కనే నిలబడి, పలకవయ్యా, ఒక్కసారి పలకవయ్యా అని నాలో నేనే మొత్తుకున్నాను. ఇంత చిన్న మాట ఆ రోజే చెప్పకుండా నీతికథ వెతుక్కున్నందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. ఆవిడ చాలాసేపు నిలబడింది. క్యూలో వాళ్ళు గొణుగుతున్నారు. తర్వాత మెల్లగా రెండు చేతులూ జోడించింది. అంతకు ముందెప్పుడూ ఆవిడ నాకు దణ్ణం పెట్టలేదు.

"ఏవమ్మా, సమాధానం రాలేదా?" అనడిగాను ఉండబట్టలేక.

"వచ్చింది. ఎల్తన్నాను. వద్దనే ఉద్దేశం ఉంటే వద్దనేవోడు కదా," అంది ఆవిడ. తిట్టడం మరిచిపోయి, క్యూ దిగుతూ దిగుతూ నాతో మామూలుగా మాట్లాడింది. "ఒక సంగతి చెప్పనా? ఇన్నాళ్ళూ ఏదడిగినా కాయితాలు కాయితాలు చెప్పేవోడు. ఎవుడో ఆపీసులో కూకున్నోడు ఈ రాయి ఎనకాల ఉన్నాడని నాకెప్పుడో తెలుసు. పాపం ఇంట్లో ఇనేవోళ్ళు లేరేమో, రోజూ ఓ గడియ పలకరించి పోదారని వచ్చేదాన్ని. ఇప్పుడు చూడు ఎలాగున్నాడో, ఎంత నిమ్మళంగా. దేవుడంటే ఇలాగుండాల."

ఆవిడ వెళ్ళిపోయింది. గురువారం అనకాపల్లి బస్సులో ఆవిడ ఉంటుందన్న సంతోషం, అందులో నా ప్రమేయం ఏమీ లేదన్న దుఃఖం, రెండూ ఒకేసారి కమ్ముకున్నాయి. అన్నాళ్ళూ నేను ఆవిడ కష్టాలు వింటున్నాననుకున్నాను. వింటున్నది ఆవిడ.

నా వంతు వచ్చింది. నా ఎదురుగా నేను పడుకుని ఉన్నాను. ఆయనతో ఏదో ఒకటి చెప్పుకోవాలనిపించి, దగ్గరికి వంగి, టైపు చెయ్యడం మొదలుపెట్టాను. కమ్మీ అవతల నిలబడ్డ మండలి సేవకుడు నా భుజం మీద చెయ్యేసి ఒక్క తోపు తోశాడు.

"జరగండి, జరగండి! స్వామితో మాట్లాడకూడదండీ, రూలు."

ఆ వాక్యం రాసింది నేనేనని చెబుదామనుకున్నాను. వెనకాల జనం చాలామంది ఉన్నారు. జరిగాను.